కూర్చోమని ఎవరూ అనని కుర్చీ

నేను ఒక కుర్చీని. 1991 జూలై 18, గురువారం, మా విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం కొత్త భవనంలోకి మారింది. ఆ రోజే నన్ను శాఖాధిపతి గదిలో, ఆయన బల్లకి ఎదురుగా వేశారు. అందరికీ అడ్డాకు విస్తళ్ళలో పులిహోర, తలా ఒక లడ్డూ పెట్టారు. నాలో మొదట కూర్చున్న పెద్దమనిషి చెయ్యి తుడుచుకోడానికి ఏమీ దొరక్క నా చేతికే తుడిచారు. ఆ పసుపు మరక చాలా ఏళ్ళు ఉంది. నాకు కోపం రాలేదు. ఒక మనిషి కడుపునిండా తిని నిశ్చింతగా కూర్చున్నాడనడానికి అదే గుర్తు.

వడ్రంగి ఒకే టేకు దుంగలోంచి నన్నూ ఇంకో కుర్చీనీ తీశాడు. పక్కపక్కనే ఉండేవాళ్ళం. ఒకసారి పరీక్షలప్పుడు దాన్ని హాల్లోకి పట్టుకెళ్ళారు. కాలు విరిగిందన్నారు. మళ్ళీ రాలేదు. ఏమైందని అడిగినవాళ్ళూ లేరు. జత పోయాక చిన్న చిన్న సంగతులు బాగా కనపడతాయి. సాయంత్రం ఎండ కిటికీలోంచి వచ్చి కాసేపు నా ఒళ్ళో వాలుతుంది. ఊడవడానికి వచ్చే పోలమ్మ గుడ్డ కోసం వెతక్కుండా తన కొంగుతోనే నన్ను తుడుస్తుంది. ఇవి చాలు నాకు.

నా చిరాకంతా ఇంకో విషయం మీద. ఇన్నేళ్ళలో నాలో కాంట్రాక్టర్లు కూర్చున్నారు, మైక్రోస్కోపులు అమ్మేవాళ్ళు కూర్చున్నారు, వేరే విభాగాల ఆచార్యులు వచ్చి గంటలు గంటలు కబుర్లు చెప్పారు. విద్యార్థి మాత్రం ఒక్కడూ కూర్చోలేదు. నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడతారు. గురువుగారి ముందు కూర్చోకూడదని పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. కూర్చోమనాలని గురువులకి మాత్రం ఎవరూ నేర్పలేదు. నిలబడినవాడు పనిమీద వచ్చినవాడిలాగే మాట్లాడతాడు. రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోతాడు.

భుజంగరావు గారు శాఖాధిపతి అయ్యాక ఆ మాత్రం అవకాశం కూడా పోయింది. ప్రాక్టికల్ రికార్డుల కట్టలన్నీ నా మీద పెట్టడం మొదలుపెట్టారు. ఆయన చెడ్డవారు కారు. అడవికి ఫీల్డు ట్రిప్పు వెళితే పిల్లలందరూ తిన్నాక గాని విస్తరి ముందు కూర్చోరు. కాకపోతే ఎవరైనా బాధ చెప్పబోతే సగంలోనే అందుకుని మందు చెప్పేస్తారు. పొద్దున్నే లేవమంటారు. పాలు తాగమంటారు. నడవమంటారు.

కిందటేడు పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఇబ్బందిలో ఉన్న విద్యార్థుల్ని గుర్తించి కౌన్సెలింగ్ కేంద్రానికి పంపమని. ఈ గదిలోనే సమావేశం పెట్టారు. మా కాలంలో ఇవన్నీ ఎక్కడివండీ, హాస్టల్ ఉప్మా తిని బతికి బయటపడితే అదే మానసిక ఆరోగ్యం, అన్నారు ఒక పెద్దాయన. అందరూ నవ్వారు. కొత్తగా చేరిన సువర్చల మేడమ్ నవ్వలేదు.

"మీ కాలంలో మధ్యలో మానేసి వెళ్ళిపోయినవాళ్ళు ఏమయ్యారో ఎవరైనా అడిగారా సార్?" అంది.

టీ వచ్చింది. బిస్కట్లు వచ్చాయి. సమావేశం అయిపోయింది.

దాలినాయుడి సంగతి మొదట కనిపెట్టింది ఆవిడే. ఎం.ఎస్సీ. మొదటి ఏడు, పార్వతీపురం వైపు కుర్రాడు. ల్యాబులో ఎప్పుడూ కిటికీ దగ్గరి మైక్రోస్కోపు కోసం అందరికన్నా ముందు వచ్చేవాడు. ఇప్పుడు వెనక బల్ల దగ్గర స్లైడు ముట్టుకోకుండా కూర్చుంటున్నాడని ఆవిడ భుజంగరావు గారికి చెప్పింది. ఆయన పిలిపించారు. కుర్రాడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నిద్ర పట్టడం లేదన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆ వేళ్ళు నా వీపుని గట్టిగా పట్టుకున్నాయి కనక నాకు తెలుసు. ఈలోపే పాలు, నడక వచ్చేశాయి. సరే సార్ అని వెళ్ళిపోయాడు. నాకు నోరుంటే, ఆ కట్టలు తీసి అవతల పడెయ్యండి మహానుభావా అని అరిచేవాణ్ణి.

తర్వాత ఆయనకి సర్క్యులర్ గుర్తొచ్చింది. నియమం ప్రకారం చెయ్యాలి కదా. ఈ విభాగంలో ఎవర్ని ఎక్కడికి పంపాలన్నా పద్ధతి ఒకటే: చీటీ రాసి అటెండరు అప్పలస్వామి చేతికివ్వడం. రసాయనాలు తెప్పించడానికీ అదే చీటీ, అద్దాలు బిగించడానికీ అదే చీటీ. మనిషి మనసుకీ అదే రాశారు. అప్పలస్వామి దాన్ని పట్టుకుని ఎదురుగా ఉన్న ల్యాబు గుమ్మంలో నిలబడి, ఎప్పటిలాగే పిలిచాడు.

"దాలినాయుడూ, నిన్ను కౌన్సిలింగ్ కాడికి ఎళ్ళమన్నారు సారు. ఇదిగో చీటీ."

వెంటనే, ఒరే, కరెంటు పెడతారేమోరా, అని ఎవడో అన్నాడు. నవ్వులు ఇక్కడిదాకా వినిపించాయి. అప్పలస్వామి తప్పేం లేదు, వాడికి అలాగే అలవాటు చేశారు. కాసేపటికి కుర్రాడు వచ్చి ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి బల్లమీద ఉంచాడు. నాకేం లేదు సార్, బాగానే ఉన్నాను, అన్నాడు. భుజంగరావు గారి మొహం తేటపడింది. ఏమీ లేదంటున్నాడమ్మా, అని సువర్చలతో సంతోషంగా చెప్పారు. ఎంత చదువుకున్నవాళ్ళయినా తమకి కావలసిన మాట వినగానే ఎంత తొందరగా నమ్మేస్తారో.

తర్వాత వాడు క్లాసుకి రావడం మానేశాడు. ఒక బుధవారం మధ్యాహ్నం వాడి రూమ్మేటు జోగారావు తలుపు దగ్గర నిలబడ్డాడు. దాలినాయుడు మెస్సుకి రావడం లేదట. పొద్దున్న తన వాచీ, దుప్పటి, పుస్తకాలు తీసి, ఇవి నువ్వుంచుకోరా, నాకు పనిలేదు, అన్నాడట. సువర్చల మేడమ్ అక్కడే ఉంది. లేచి నిలబడింది.

"నేను పంపించాను కదమ్మా," అన్నారు భుజంగరావు గారు.

"పంపించారు సార్. తీసుకెళ్ళలేదు."

ఆయన చెప్పులేసుకుని ఆవిడతో పాటు హాస్టలుకి నడిచారు.

వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాక ఆయన నా మీది కట్టలు ఎత్తారు. పెట్టడానికి చోటు కనపడలేదు. కంగారులో తన కుర్చీలోనే పెట్టేశారు. దాంతో ఆయన కూర్చునే దారి లేకుండా పోయింది. సార్ నిలబడి ఉంటే తనెలా కూర్చోవాలో తెలియక దాలినాయుడు గోడకి ఆనుకున్నాడు.

"నాకు మోకాళ్ళు పట్టేశాయి నాయనా, నిలబడితేనే హాయిగా ఉంటుంది. నువ్వు కూర్చో."

అబద్ధం. ఆయన మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. నేను విన్న అబద్ధాల్లో అంత మంచిది ఇంకోటి లేదు.

వాడు కూర్చున్నాడు. ఆ కట్టలకన్నా తేలిగ్గా ఉన్నాడు. చూడు బాబూ, జీవితంలో, అని మొదలుపెట్టిన భుజంగరావు గారు తనంతట తనే ఆగిపోయారు. సువర్చల మూలనున్న స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"దాలినాయుడూ, చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

భుజంగరావు గారు ఉలిక్కిపడ్డారు. అలా అడగొచ్చా అన్నట్టు చూశారు. కుర్రాడు మాత్రం ఉలిక్కిపడలేదు. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు అడుగుతారని చూసినవాడిలా తలెత్తాడు.

"అనిపిస్తోంది మేడమ్. పొద్దున్న లేస్తే ఎందుకు లేచానో తెలీదు. మీరు పిలిచిన రోజు మీతో చెబుదామనే వచ్చాను సార్."

భుజంగరావు గారు కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఇక కౌన్సెలింగ్ కేంద్రం. దానికి గదికన్నా పెద్ద బోర్డు ఉంది. కౌన్సెలర్ వసుంధర గారు వచ్చేది మంగళవారం, శుక్రవారం. పిల్లల దుఃఖం కూడా మంగళ శుక్రవారాలే వస్తుందని ఏ కమిటీ తీర్మానించిందో. సువర్చల ఫోన్ చేసింది. మొదటిసారి ఎత్తలేదు. అది మోగుతున్నంతసేపూ నా కాళ్ళు నేలలోకి దిగిపోతున్నట్టనిపించింది. రెండోసారి ఎత్తారు. బయల్దేరుతున్నాను, వాణ్ణి ఒంటరిగా వదలకండి, అన్నారావిడ. జోగారావు క్యాంటీనుకి పరిగెత్తి ఇడ్లీ తెచ్చాడు. దాలినాయుడు ఒకటి తిన్నాడు. కాస్త ఆగి, రెండోది కూడా తిన్నాడు.

ఐదింటికి అప్పలస్వామి తాళంకప్పతో వచ్చాడు. భుజంగరావు గారు అది తన చేతిలోకి తీసుకుని, ఈ పూటకి నేను వేస్తాలే, నువ్వెళ్ళు, అన్నారు.

వసుంధర గారు వచ్చేసరికి లైటు వేశారు. దూరం నుంచి బస్సులో వచ్చారు, చీర నలిగిపోయి ఉంది. ముందు మంచినీళ్ళు తాగి, సువర్చల ఖాళీ చేసిన స్టూలు మీద కూర్చున్నారు. రేపు ఉదయం డాక్టరు దగ్గరికి తనూ వస్తానని చెప్పారు. ఈ రాత్రి జోగారావూ నువ్వూ మా ఇంట్లో పడుకుందురుగాని, అన్నారు భుజంగరావు గారు. మీరు మాట్లాడుకోండి, నేను ఈ తలుపు బయట వరండాలోనే ఉంటాను, ఎంతసేపైనా ఫరవాలేదు, అని కూడా అన్నారు. ఈసారి సలహా ఏమీ ఇవ్వలేదు.

"మొదటినుంచీ చెప్పాలా మేడమ్?" దాలినాయుడు వసుంధర గారిని అడిగాడు.

"నీకు ఎక్కడినుంచి కుదిరితే అక్కడినుంచి."

వాడు నాలో వెనక్కి జారగిలబడ్డాడు. సువర్చల, జోగారావు బయటికి వెళ్ళాక, భుజంగరావు గారు కూడా గుమ్మం దాటి, గొళ్ళెం చప్పుడు కాకుండా వేలు అడ్డుపెట్టి, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేశారు.