ముగ్గురు డ్రైవర్లు, ఒక గడప

ఈరోజు ఇంట్లో ఉన్నవాళ్లు: అమ్మ, నాయనమ్మ, ఫోన్లు బాగుచేసే వీర్రాజు బాబాయి, నేను, పాత ఫోనులోంచి దిగిన ముగ్గురు డ్రైవర్లు. ఒకాయన ఫోను కన్ను, అదే కెమెరా, నడుపుతాడు. ఒకావిడ చెవి నడుపుతుంది. మూడో ఆయన, వేలు తగిలితే తెర మేల్కొనేలా చూస్తాడు. ముగ్గురూ జానెడు ఎత్తు. చెప్పులు చేత్తో పట్టుకుని వంటగది మూల నిలబడి ఉన్నారు.

బాబాయి ఆ ఫోనుకు కొత్త సిస్టమ్ ఎక్కించాడు. అది ముందుగదిలో కుర్చీ వేసుకు కూర్చుని ఆజ్ఞలిస్తోంది. ముగ్గురికీ ఒక్క ముక్క అర్థం కాదు. వాళ్లకు పాత సిస్టమ్ మాటలే వచ్చు.

"పొద్దు గూకేలోగా పని అందుకోకపోతే ముగ్గుర్నీ పంపేత్తాను," అంటాడు బాబాయి.

"మేం పోతే కన్ను ఇంకెవరి మాటా వినదమ్మా. గుడ్డిదైపోద్ది," అంటాడు కన్ను నడిపే ఆయన, నాతో మాత్రమే.

తరగతిలో హాజరు పలకడానికే నాకు గొంతు రాదు. వెళ్లి రెండు గదుల నడుమ గడప మీద నిలబడతాను.

"దిగవే హైమా. గడప మీద నిలబడకూడదు," అంటుంది నాయనమ్మ.

దిగను.

రెండు సిస్టమ్‌ల మాటలూ నాకు వచ్చు. కుర్చీలోంచి వచ్చే ఆజ్ఞను పాత మాటల్లోకి మార్చి ఇటు చెబుతాను. పాత ఇంట్లోనే ఉన్నామనుకుంటే తప్ప వీళ్లు పని ముట్టరు. అందుకని చెయ్యి చాచి, వంటగది గోడలకు పాత ఫోను లోపలి ఆకుపచ్చ రంగు పులుముతాను. చెయ్యి నాలుగు గోడలకూ అందుతుంది. ముగ్గురూ చెప్పులు విడుస్తారు. ముందుగదిలో ఉన్న ఫోను కన్ను తెరుచుకుంటుంది.

"మరి బడో?" అంటుంది అమ్మ.

"నా చెప్పుల్ని పంపానమ్మా. హాజరు అవే పలుకుతాయి."

బాబాయి గడియారం చూస్తాడు. "నువ్వు మధ్యలో ఉండబట్టి ప్రతి మాటకీ ఒక క్షణం ఆలస్యమవుతోందే."

"ఆ క్షణం నాది బాబాయ్."

"దిగు. తలుపెయ్యాలి."

"వేసుకో."

బాబాయి తలుపు రెక్కను నా మీదకు తోస్తాడు. తలుపు మూసుకుంటుంది. నాలో సగం ముందుగదిలో ఉంది, సగం వంటగదిలో. రెండు సగాలూ మాట్లాడుతూనే ఉన్నాయి. కన్ను నడిపే ఆయన తలుపును ఫోటో తీస్తాడు. ఫోటోలో తలుపు లేదు. దాని చోట నేనున్నాను. గడియ నా పళ్ల మధ్య ఉంది.