ఏడో స్థానం గెలిచిన గ్లవ్

నేను ఒక తోలు గ్లవ్‌ను. బేస్‌బాల్ ఆడేవాళ్లు బంతి పట్టుకోవడానికి ఒక చేతికి తొడుక్కునేదాన్ని. ఒక్క చేతికే. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, నా బతుకంతా దాని చుట్టూనే తిరిగింది.

నేను పుట్టింది జలంధర్‌లో, ఒక ఆటసామాన్ల కార్ఖానాలో. పుట్టాల్సిన అవసరం నిజానికి లేదు. ఆ ఏడు దేశపు బేస్‌బాల్ సంఘం అధ్యక్ష పదవి రాజమండ్రి ధనుంజయరావు గారికి దక్కింది. ఆయనకు మెయిన్ రోడ్డులో తాతలనాటి చెప్పుల దుకాణం ఉంది. బేస్‌బాల్ ఆయన ఎన్నడూ చూడలేదు. చూడనివాడైతే ఏ పక్షమూ వహించడని ఎన్నుకున్నారు కాబోలు. జట్టుకు గ్లవ్‌లు కావాలని కోచ్ డేవిడ్ మాస్టారు అర్జీ పెడితే, ఆయన తన నలభై ఏళ్ల అనుభవమంతా వాడి "డజను జతలు" అని ఆర్డరు రాయించారు. కార్ఖానావాడికి అనుమానం వచ్చి ఫోను చేశాడు.

"జతలే కావాలయ్యా," అన్నారీయన. "ఒంటి చెప్పు ఎవడన్నా కొంటాడా?"

కుడిచేత్తో బంతి విసిరేవాళ్లు ఎడమచేతికి గ్లవ్ తొడుగుతారు. లోకంలో నూటికి తొంభైమంది అలాంటివాళ్లే. కనక ఎడమ గ్లవ్‌లు పన్నెండూ వచ్చిన రోజే చేతులకెక్కి మైదానానికి పోయాయి. కుడి గ్లవ్‌లం పన్నెండుమందిమి మాత్రం, గృహప్రవేశానికి వచ్చిన ఏడో గోడగడియారంలా, అట్టపెట్టె విప్పకుండానే సంఘం గోదాములో అటకెక్కాం. అక్కడే రెండేళ్లు గడిచిపోయాయి. బొద్దింకలతో మాటామంతీ పెరిగింది.

అప్పుడొచ్చింది నూకరత్నం.

రత్నానిది పెద్దాపురం. ఆ పిల్లది పుర్రచెయ్యి. అన్నం కలపబోతే ఎడమచెయ్యి ముందుకొచ్చేదని నాయనమ్మ ఆ చేతిని తన పైటకొంగుతో కట్టేసేదట. "ఆ చేత్తో ఏం ఉద్ధరిస్తావే, అరిష్టపు చెయ్యి," అనేదట రోజుకు నాలుగుసార్లు. ఆ అరిష్టపు చేత్తోనే ఒకనాడు మేడమీద వడియాలు ఎత్తుకుపోతున్న కోతి మీదికి గులకరాయి విసిరింది. రాయి కోతికి తగల్లేదు. అది పట్టుకున్న వడియానికి తగిలింది. కింద వీధిలో పోతున్న డేవిడ్ మాస్టారు సైకిలు దిగిపోయారు.

మాస్టారు గోదాముకొచ్చి మా పెట్టె దింపి నన్ను తీశారు. రత్నం కుడిచెయ్యి నాలోకి దూర్చింది. ధనుంజయరావు గారి పొరపాటు అలా ఒకరికి పనికొచ్చింది. పెద్దలు పొరపాట్లు చేస్తూనే ఉంటారు, కొన్ని ఎవరో ఒకరికి అచ్చొస్తాయి.

రోజూ సాయంత్రం ఆ పిల్ల నా తోలుకు కొబ్బరినూనె మర్దన చేస్తూ కబుర్లు చెప్పేది. వాటన్నిటి సారం ఒకటే. ఆటగాళ్ల కోటాలో పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. దేశం తరఫున అంతర్జాతీయ పోటీలో ఆడినట్టు కాగితం చూపించాలి. జట్టుతో వెళ్లినట్టుంటే చాలదు. మైదానంలో దిగి, ఒక్క బంతన్నా విసిరి, లెక్కలు రాసే పుస్తకంలో పేరెక్కాలి. వయసు ఆ ఏడుతో దాటిపోతుంది.

"ఒక్క బంతి చాలే తల్లీ," అనేది నాతో. నేను తల్లిని కాను. కానీ ఎవరూ అంతవరకూ నన్ను ఏమీ అనలేదు, కాబట్టి ఒప్పుకున్నాను.

ఆసియా దేశాల మహిళల పోటీ బ్యాంకాక్‌లో. ఎనిమిది దేశాలు. మన ఆటగత్తెలు పద్ధెనిమిదిమంది, వాళ్లను చూసుకోడానికి అధికారులు పదహారుమంది, ఆ అధికారులను చూసుకోడానికి వాళ్ల భార్యలు. ధనుంజయరావు గారి భార్య సుభాషిణమ్మ గారు మహిళా మేనేజరు హోదాలో రెండు పెట్టెల ఊరగాయా, ఒక పెట్టె పూజాసామగ్రీ వెంటబెట్టుకొచ్చారు.

పిచర్ అంటే క్రికెట్‌లో బౌలర్ లాంటిది. పరుగెత్తకుండా మట్టిదిబ్బ మీద నిలబడి విసురుతుంది. మన పిచర్ ధనుంజయరావు గారి మేనకోడలు హాసిని. పిల్ల మంచిది, బంతే చెప్పిన మాట వినదు. మొదటి ఆటలో పద్నాలుగు పరుగుల తేడాతో ఓడాక డేవిడ్ మాస్టారు మెల్లిగా కదిపారు.

"సార్, రత్నాన్ని ఒకసారి దింపుదామండీ. ఎడమచేతి పిచర్ అంటే ఈ ఆటలో బంగారమండీ."

"బంగారమైనా ఎడమచేత్తో ఇస్తే పుచ్చుకుంటావా మాస్టారూ?" అన్నారు అధ్యక్షులు. "పరాయిదేశంలో శుభమా అని ఆడుతూ పుర్రచెయ్యి ముందు పెడతామా?"

రెండో ఆట కుడిచేత్తో ఓడారు. మూడోదీ, నాలుగోదీ కూడా శుభప్రదంగా కుడిచేత్తోనే ఓడారు. రత్నం బెంచీ చివర నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నాలుగో ఆట అయ్యాక ఆ రోజు నూనె రాయలేదు. ఊరికే నా వేళ్లు ఒక్కొక్కటే నొక్కుతూ కూర్చుంది.

మిగిలింది ఒకే ఆట. ఇండోనేషియాతో, ఏడో స్థానానికి. ఎనిమిది జట్లలో ఏడో స్థానమంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. అధ్యక్షులవారు మాత్రం పొద్దున్నే సమావేశం పెట్టి "దేశప్రతిష్ఠ" అన్న మాట పదకొండుసార్లు వాడారు.

ఓటములకు కారణం సుభాషిణమ్మ గారు కనిపెట్టారు. "బయల్దేరేముందు సామాన్లకు పూజ చేయించలేదండీ. ఆయుధాలు కావూ?"

హోటలు గదిలో బ్యాట్లు, బంతులు, శిరస్త్రాణాలు వరసగా పేర్చారు. పళ్లెం మాత్రం రాజమండ్రిలో మర్చిపోయారు. ఆవిడ చుట్టూ చూసి నన్ను అందుకున్నారు.

"ఇది చూడండర్రా, దోసిలిలా ఎంత బాగుందో. ఎలాగూ ఆ పిల్ల ఆడేది లేదుగా."

గంధం నాలోనే కలిపారు. అందులోనే కుంకుమ, పైన అక్షింతలు, రెండు బంతిపూలు. హారతి కూడా నాలోనే వెలిగించేవారే, పొగకు హోటలు గంట మోగుతుందని ఎవరో ఆపారు. మిగతావాటికి తలో బొట్టూ పెట్టారు. ఆడపిల్లలు వాటిని కిందికెళ్లేలోగా తుడిచేసుకున్నారు. నాది బొట్టు కాదు, అభిషేకం. రత్నం తువ్వాలుతో అరగంట తుడిచింది. ఆర్నెల్ల కొబ్బరినూనె తాగిన తోలు నేను. ఎంత తుడిస్తే అంత లోపలికి తాగాను.

ఆట మొదలైంది. ఆశ్చర్యం, మనవాళ్లు బాగా కొట్టారు. ఆఖరి ఇన్నింగ్స్‌కు మనవి తొమ్మిది, వాళ్లవి ఎనిమిది. వాళ్లలో ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్కరు అవుటయితే గెలుపు. అక్కణ్ణించి హాసిని బంతి దారి తప్పింది. వరసగా ముగ్గురికి అందని బంతులు విసిరితే, నియమం ప్రకారం ముగ్గురూ నడుచుకుంటూ వెళ్లి పరుగు దారిలో మజిలీల్లాంటి మూడు బేసుల మీదా నిలబడ్డారు. హాసిని మట్టిదిబ్బ మీదే చతికిలబడింది.

"మావయ్యా, నా వల్ల కాదు," అంది మైదానమంతా వినబడేలా. "భుజం పీకుతోంది. కావాలంటే నువ్వొచ్చి వెయ్యి."

మావయ్య గారు ఆకాశంకేసి చూశారు. డేవిడ్ మాస్టారు మాత్రం ఆయనకేసి చూడలేదు. "రత్నం, లెగమ్మా," అన్నారు.

ఆ పిల్ల గుండె నాకు మణికట్టు దగ్గర వినబడింది. దిబ్బ ఎక్కేలోగా అంపైరు చెయ్యెత్తి ఆపాడు. పిచర్ గ్లవ్‌లో ఏ పూతా, ఏ పదార్థమూ ఉండకూడదని రూలు. బంతికి అంటితే దాని నడక మారుతుందట. నాలోకి వేలు పెట్టి తీశాడు. ఎర్రగా వచ్చింది. వాసన చూశాడు. ఆ మొహంలో ఏమీ అర్థంకాని భయం.

ధనుంజయరావు గారు పరుగున వచ్చారు. "అది అమ్మవారి కుంకుమండీ. మీరూ పెట్టుకోవచ్చు, తప్పులేదు," అని తెలుగులోనూ, అదే గట్టిగా ఇంగ్లీషులోనూ చెప్పారు. అంపైరు విని, నన్ను రత్నం చేతినుంచి ఊడదీసి, పారదర్శకమైన సంచీలో వేసి బల్లమీద పెట్టించాడు. వేరే గ్లవ్ తెచ్చుకోమన్నాడు.

కుడిచేతికి వేరే గ్లవ్ ఏది? నాతో పుట్టిన పదకొండుమందీ గోదాములో బొద్దింకల మధ్య ఉన్నారు. డజను జతలు కొన్న సంఘానికి, కావలసిన రోజున ఒక్క ఒంటిది కరువైంది. రత్నం రెండు చేతులూ ఖాళీగా వేలాడేసుకుని నిలబడింది. "గ్లవ్ లేకుండా వేసేస్తానండి మాస్టారూ," అంది. "పళ్లు రాలగొట్టుకుంటావు," అన్నారాయన.

అప్పుడు అవతలి బెంచీ నుంచి ఇరవయ్యొకటో నెంబరు చొక్కా అమ్మాయి లేచింది. వాళ్ల మొదటి పిచర్. ఆమెదీ పుర్రచెయ్యే. తన కుడి గ్లవ్ తీసి పట్టుకుని, ఎవరినీ అడక్కుండా మైదానం దాటి వచ్చి, రత్నం చేతికి తొడిగి, మణికట్టు దగ్గర పట్టీ బిగించి, ఏదో అని వెళ్లిపోయింది. మనవాళ్లయితే ఆ పని చేసేముందు ఒక కమిటీ వేసేవారు.

"థాంక్సండి," అంది రత్నం ఆమె వీపుతో.

"శత్రువుల గ్లవ్ అది. లోపల ఏం పెట్టారో," గొణిగారు అధ్యక్షులు.

"చూశానండీ, ఏమీ పెట్టలేదు," అన్నారు సుభాషిణమ్మ గారు. "అదే నాకు దిగులుగా ఉంది."

నేను సంచీలోంచి చూస్తున్నాను. నేనుండాల్సిన చేతికి సవతి. కడుపు మండలేదంటే అబద్ధం. మొదటి బంతి ఎత్తుగా పోయింది. ఎలా పోయినా ఆ ఒక్క బంతితో పుస్తకంలో పేరెక్కింది, ఉద్యోగం దక్కింది. ఇక ఓడినా ఆ పిల్లకు పోయేదేమీ లేదు. కానీ రత్నం మొహం చూస్తే ఆ సంగతే గుర్తున్నట్టు లేదు. రెండో బంతికి బ్యాట్ గాలిని కొట్టింది. మూడోదాన్ని ఇండోనేషియా పిల్ల ఫెడేలున రత్నం మొహం మీదికే తిప్పికొట్టింది. కుడిచెయ్యి లేచింది. చప్పుడు వినబడింది, పొడి తోలు చప్పుడు. బంతి సవతి దోసిట్లో ఉంది.

రత్నం వెళ్లి గ్లవ్ తిరిగిచ్చింది. ఆ అమ్మాయి తన గ్లవ్‌కేసి, తమ జట్టు మొహాలకేసి మార్చి మార్చి చూసి పకపకా నవ్వింది. ఇద్దరూ ఎడమచేతులే కలుపుకున్నారు.

రాజమండ్రి స్టేషనులో దండలు అధ్యక్షులవారికి పడ్డాయి. "ఈ విజయం మా ఆవిడ పూజాబలం," అని విలేకరులకు చెప్పారు. నన్ను తన ఎడమచేతికి తొడుక్కుని ఫొటో దిగారు. నా బొటనవేలు ఆయన చిటికెనవేలి వైపు ఉంది. ఆ ఫొటోతో సహా నన్ను సంఘం ఆఫీసులో అద్దాల బీరువాలో పెట్టి కింద చీటీ అంటించారు: "భారతజట్టుకు చారిత్రక విజయం సాధించిపెట్టిన గ్లవ్." ఆ విజయం జరుగుతుండగా నేను ప్లాస్టిక్ సంచీలో ఉన్నానని చీటీకి ఎవరు చెబుతారు?

మరుసటేడు రత్నం వచ్చింది, ఖాకీ బట్టల్లో. ఆదివారాలు పెద్దాపురం హైస్కూలు మైదానంలో ఆడపిల్లలకు ఆట నేర్పుతోందట.

"సార్, ఆ గ్లవ్ ఇప్పిస్తారేంటండి?"

"అది దేశం సొత్తమ్మా," అన్నారు ధనుంజయరావు గారు. "అలా చేతికి ఇచ్చేయడానికి లేదు."

రత్నం కాసేపు నాకేసి చూసింది. "పోనీ, గోదాములో ఇంకో పదకొండు ఉన్నాయి కదండీ. అవి?"

"ఆ పనికిమాలినవా? జత తప్పినవి. నిక్షేపంగా పట్టుకుపో. అటక ఖాళీ అవుతుంది."

గోనెసంచీలో వేసి, మూతి కట్టి, ఎడమభుజాన వేసుకుంది. వెళ్తూ నా అద్దం ముందు ఒక్క క్షణం ఆగి, జేబులోంచి కొబ్బరినూనె సీసా సగం పైకి తీసి, చుట్టూ చూసి, మళ్లీ లోపల పెట్టేసుకుంది. బీరువాకు తాళం ఉంది. ఆటో కదిలాక కూడా కాసేపు నాకు లోపల మావాళ్ల సద్దు వినబడింది. పొడి తోళ్లు, ఒకదానికొకటి ఒరుసుకుంటూ.

ఏటా దసరాకు తాళం తీస్తారు. సుభాషిణమ్మ గారు పూజాసామగ్రితో వస్తారు. ఆవిడ పళ్లెం తెచ్చుకోవడం ఈ ఏడూ మర్చిపోయారు.