కంతలో పట్టని మ్యాగజైన్

నాకు అన్నిటికంటే పెద్ద భయం, మా ఆయన ముస్తఫా పక్కన నిలబడ్డవాడి చేతిలో తుపాకీ ఇరుక్కుపోతుందని. పేలితే బాధ లేదు, తూటా ఎదురుగా ఉన్న అట్టబొమ్మలోకి పోతుంది. ఇరుక్కుంటేనే గొడవ. కొత్తగా నేర్చుకునేవాడు "భాయ్, ఇదేంటో చూడు" అంటూ తుపాకీతో సహా ఇటు తిరుగుతాడట. అప్పుడు దాని గొట్టం సరిగ్గా ముస్తఫా పొట్టకేసి చూస్తుంది. ఈ సంగతి ఆయన ఒకరోజు అన్నం తింటూ, నవ్వుతూ చెప్పాడు. ఆయన నవ్వి చెయ్యి కడుక్కున్నాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ముస్తఫా ఇక్కడ దోహాలో ఒక షూటింగ్ క్లబ్బులో పనిచేస్తాడు. సగం రోజు స్టోర్ రూములో, సగం రోజు కాల్చేవాళ్ళ పక్కన. అల్ తుమామాలో ఒక విల్లా వెనక రెండు గదుల్లో ఉంటాం. మా సబ్రీన్‌కి రెండేళ్ళు. పదో తరగతి పరీక్షలకి ముందే నాకు పెళ్ళయింది. చదువు ఆగింది గానీ కుట్టుమిషన్ ఆగలేదు. మ్యాగజైన్ అంటే తుపాకీకి తగిలించే తూటాల డబ్బా అని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే మా అమ్మ అయితే కోరుట్లలో అల్లుడు దుబాయ్‌లో వారపత్రికలు అమ్ముతాడనే అందరికీ చెప్తుంది. నేను సరిదిద్దలేదు. ఆ మాట మీద ఆమెకి హాయిగా నిద్రపడుతోంది.

మొన్న ఫిబ్రవరిలో క్లబ్బువాళ్ళు ఇనప మ్యాగజైన్లు పక్కన పెట్టి ప్లాస్టిక్‌వి కొనాలనుకున్నారు. మూడు రకాల శాంపిళ్ళు వచ్చాయి. వాటికి పరీక్షలు పెట్టే పని ముస్తఫాకి పడింది. రోజూ అన్నం దగ్గర ఆ కబుర్లే.

"ఇయ్యాల నిండా తూటాలు నింపి, భుజమంత ఎత్తు కెల్లి సిమెంటు మీద ఏసినం."

"ఏమైంది?"

"అద్దం లెక్క లోపల కనబడేది ఉంది సూడు, దాని మూల పోయింది. నల్లదాని అడుగుమూత ఊడింది. తూటాలన్నీ గోలీల లెక్క ఉరికినయ్."

"మరి ఇసుకరంగుది?"

"దానికేం కాలే. పదిసార్లు ఏసినా గీత పడలే. గట్టి పిండం!"

ఇసుకలో పూడ్చి, తీసి, దులిపి కాల్చారు. నల్లది ఒకసారి ఆగింది, ఇసుకరంగుది ఆగలేదు. కారు ముందు అద్దం దగ్గర ఎండలో పెట్టారు. దేనికీ ఏమీ కాలేదు. స్టోర్ ఇన్‌ఛార్జి బుర్హానుద్దీన్ భాయ్ ఇసుకరంగుది ఖాయం చేశాడు. ఆ రాత్రి నేను కూడా కడుపునిండా తిన్నాను. ఇరుక్కోని డబ్బా దొరికింది కదా!

ఏప్రిల్‌లో ఆ మ్యాగజైన్లు పెట్టుకోవడానికి నలభై సంచులు కుట్టే పని నాకే వచ్చింది. శాంపిల్‌ని ఇంటికి పంపరు కదా. ముస్తఫా క్లబ్బులోనే ఒక అట్టముక్కకి ఆ డబ్బా సరిగ్గా దూరేంత కంత కోసి తెచ్చాడు. నేను ఆ కంత చూసుకుని బట్ట కత్తిరించాను. నడుముకి కట్టుకునే సంచి కాబట్టి వదులుండకూడదన్నారు. వదులు లేకుండా కుట్టాను.

ఆగస్టులో ఒక బుధవారం పొద్దున ఓబులయ్య కాక సంచుల మూట తెచ్చి గుమ్మంలో పడేశాడు. ఆయనది కడప దగ్గర పల్లెటూరు, ఉమ్ సలాల్‌లో ఒక పెద్దింటికి డ్రైవరు. వాళ్ళ యజమానిని బాబా అంటాడు. ఆ బాబా క్లబ్బులో మెంబరు. ఆయన లోపల కాల్చినంతసేపూ కాకకి పనుండదు, అందుకని క్లబ్బువాళ్ళు చెప్పిన పనులన్నీ చేసిపెడుతుంటాడు.

"పాపా, నీ సంచులు సన్నబడినాయంట. డబ్బాలు దూరడం ల్యా. బుర్హాన్ సాబు తిడతాండాడు."

"బట్ట సన్నబడుతదా కాకా? అదేమన్నా మనిషా?"

"ఏమోమ్మా, ఈ ఎండకి నేనే సగమైనా. ఉతికితివేమో చూసుకో."

"కొత్త సంచులు ఎవరన్నా ఉతుకుతరా?"

"అయితే డబ్బాలు లావైనాయా? అవేమన్నా రోజూ బిర్యానీ తింటాండాయా?"

ఆయన పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. సంచులన్నీ కొలిచాను. ఒక్క నూలుపోగంత కూడా తేడా లేదు. మరి డబ్బాలే లావైతే? బయట అంత ఉబ్బిన డబ్బాలో లోపల తూటా సరిగ్గా నిలబడుతుందా?

డ్యూటీలో ఉన్న ముస్తఫాకి ఫోన్ చేశాను.

"అజీ, ఆ డబ్బాలు ఉబ్బినయేమో సూడుండ్రి."

"ప్లాస్టిక్ ఎట్ల ఉబ్బుతది జైబా? నీకు అన్నిట్ల భయమే. మొన్న పోరి తుమ్మితే ఆస్పత్రికి పోదామన్నవ్."

"రెండుసార్లు తుమ్మింది. సాయంత్రం కొత్తోళ్ళు ఉన్నరా?"

"పన్నెండు మంది. అందరు మొదటిసారే."

ఇక నేను ఆగలేదు. సబ్రీన్‌ని చంకనేసుకుని, అట్టముక్క సంచిలో పెట్టుకుని కాక కారెక్కాను. "యల్లా కాకా, క్లబ్బుకి."

బుర్హాన్ భాయ్ పాతబస్తీ మనిషి, గొంతు పెద్దది. స్టోర్ కౌంటర్ అవతల నుంచే అందుకున్నాడు. "క్యా అమ్మా, సంచులు విప్పి కుట్టుమంటే అట్టముక్క పట్టుకొచ్చినవ్?"

"భాయ్, ఒక్కసారి మీ డబ్బాలు ఇందుల దూర్చుండ్రి. దూరితే నలభై సంచులు కూసోని మల్ల కుడత."

పెట్టెలోంచి కొత్తది తీశాడు. కంతలోంచి జారిపోయింది. మిగిలిన నల్ల శాంపిల్ ఒకటి, జూన్ నుంచి తూటాలతో నింపి ఉంచింది తీశాడు. దానికి కోసిన కంత కాదు గానీ అదీ పట్టింది. ఆ తర్వాత, అలాగే జూన్ నుంచి నింపి ఉంచిన ఇసుకరంగుది పెట్టాడు. సగంలో ఆగింది. గట్టిగా తోశాడు. అట్ట చిరిగింది గానీ డబ్బా దిగలేదు.

అప్పటికే అక్కడికి వచ్చిన ముస్తఫా దాన్ని తీసుకుని, రోజూ చేసినట్టే, బల్లమీద ఒక్క తట్టు తట్టాడు. పైనున్న తూటాలు రెండు ఎగిరి కింద దొర్లాయి. సబ్రీన్ బంతులనుకుని "బాలూ!" అని చప్పట్లు కొట్టింది. తూటాని పట్టి ఉంచే పై అంచులు రెండూ విచ్చుకుని ఉన్నాయి. అలాంటిది తుపాకీలో పెడితే ఒకేసారి రెండు తూటాలు ముందుకొచ్చి అడ్డం పడి, తుపాకీ ఇరుక్కుంటుందట.

"ఎండ టెస్టు చేసినం గదా ముస్తఫా!" అన్నాడు భాయ్.

"ఖాళీయి పెట్టిన్రా, నింపినయా?" అని నేనడిగాను.

భాయ్ గొంతు తగ్గింది. "ఖాళీయే అమ్మా. నింపినయి కార్ల పెట్టనియ్యరు."

అవి పెట్టే కంటైనర్‌లో ఏసీ చెడిపోయి రెండు నెలలైందట. లోపల పొయ్యిలా ఉంది. పగలని డబ్బా గట్టిదనుకున్నాం, అది మెత్తది కాబట్టి పగల్లేదు. కిందపడితే వంగి లేస్తుంది. నిండుగా నింపి వేడిలో ఉంచితే వంగి అలాగే ఉండిపోతుంది. చొక్కా కాలర్ గట్టిగా నిలబడాలని బక్రం పెట్టినట్టు నల్లదాని అంచుల్లో సన్నటి ఇనప రేకు ఉంది. అందుకని నిలబడింది. అడుగుమూత ఊడితే పెట్టుకోవచ్చు, అంచు విచ్చుకుంటే కాల్చేదాకా తెలియదు.

సాయంత్రం క్లాసుకి పాత ఇనప మ్యాగజైన్లు బయటికి తీశారు. భాయ్ నాకు సారీ చెప్పలేదు గానీ కరక్ చాయ్ తెప్పించాడు, సబ్రీన్‌కి బిస్కెట్లు కూడా. ముస్తఫా తన చాయ్ తాగకుండా నావైపే చూస్తూ కూర్చున్నాడు. "పోరి తుమ్మితే ఇంకోసారి చెప్పు, పోదాం" అన్నాడు చివరికి.

బయట కాకకి జరిగింది చెప్పాను. ఎప్పుడూ నవ్వే మనిషి స్టీరింగ్ మీద చెయ్యేసి ఆగిపోయాడు.

"మా బాబా గూడా అవే తీసుకున్యాడు పాపా, క్లబ్బోళ్ళు పొగిడినారని. ఆరు ఉండాయి. నింపి బండిలోనే పెడతాడు. శుక్రవారం తోటలో ఖాళీ టిన్నులు కాలుస్తాడు."

"టిన్నులు నిలబెట్టేదెవరు?"

"నేనే గదా."

"ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు కాకా."

"తుపాకీ గురించి నేను ఆయనకి చెప్పేదా? నాకొచ్చే అరబ్బీ అంతా 'మాఫీ' ఒక్కటే, లేదు అని."

చిరిగిన అట్టముక్కకి టేపు అంటించి ఆయన చేతిలో పెట్టాను. "మాట్లాడకు. దూర్చి సూపియ్యి. దూరకుంటే మాఫీ అను." సరేనని నవ్వి, మమ్మల్ని ఇంటి దగ్గర దింపి వెళ్ళాడు.

ఆ శుక్రవారం దాటి ఈరోజుకి నాలుగు రోజులు. కాక ఫోన్ స్విచాఫ్. బాబా కూడా క్లబ్బుకి రాలేదని భాయ్ చెప్పాడు. ఛార్జర్ పోగొట్టుకుని ఉంటాడని ముస్తఫా అంటున్నాడు. నిజమే కావచ్చు, ఈ ఏడాదిలో మూడు పోగొట్టుకున్నాడు. ముస్తఫాకి వచ్చే వారం దాకా సెలవు లేదు, నాకు అంత దూరం ఒంటరిగా వెళ్ళే దారి తెలియదు.

ఇది చదివేవాళ్ళలో ఇక్కడ దోహాలో ఉండేవాళ్ళెవరైనా డ్యూటీ మీద ఉమ్ సలాల్ వైపు వెళ్తే, ఖర్జూరం మొక్కలమ్మే నర్సరీ వెనక పచ్చ నీళ్ళట్యాంకు ఉన్న బాబా తోట దగ్గర ఒక్క నిమిషం బండి ఆపండి. డ్రైవర్ ఓబులయ్య ఉన్నాడా అని గేటు దగ్గర అడగండి. ఉన్నాడని వాళ్ళు చెప్తే సరిపోదు. బయటికి పిలిపించి, మనిషిని కళ్ళతో చూసి, నాకు చెప్పండి.