ఆఖరి పటంలో లేని పేరు

ఆఖరి పటంలో పేరు లేని నీళ్లను పల్లపు నేల కింద జమకట్టమని ఉత్తర్వు రాసింది మీరే. చెరువు పూడ్చడానికి లారీలు మాట్లాడిందీ మీరే. గట్టు మీది నలభై గుడిసెల వాళ్లు ఏ నీళ్లు తాగాలో మీలో ఒక్కడైనా అడిగాడా?

నిన్న పొద్దున కూడా మీ సర్వే ఆఫీసు ముసలి గుమస్తా రోజూలాగే పటాల గదిలో దుమ్ము దులిపి, భూతద్దం తుడుచుకుని కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్లుగా పాత పటాలకు నకళ్లు గీయడమే పని. వంగి వంగి మెడ కొక్కెంలా తిరిగిపోయింది. చూపుడువేలి మీది నీలి మచ్చ సబ్బుకు లొంగడం ఎప్పుడో మానేసింది. ఆఫీసులో అందరికీ అతను 'భూతద్దం'.

బల్ల మీద ఒకే చెరువుకు నాలుగు పటాలు. మొదటి మూడింటిలోనూ నీళ్ల మీద పేరుంది. నాలుగోదాంట్లో ఉత్త నీలిరంగు.

ఆఫీసరు వచ్చి నిలబడ్డాడు. “ఏం భూతద్దం గారూ, చెరువులో దోమల్ని లెక్కపెడుతున్నారా? ఆఖరి పటంలో పేరు లేదని రాసి ఓ సంతకం పడేయండి.”

“లేకపోవడం నా వల్లేనండి. అది గీసింది నేను.”

“మరీ మంచిది!”

“గీతలన్నీ అయ్యాకే పేర్లు రాస్తామండి. ఆ రోజు మా ఆవిడకి నొప్పులని కబురొస్తే, కలం అక్కడే పారేసి పరిగెత్తా. బిడ్డా దక్కలేదు, తనూ దక్కలేదు. తిరిగొచ్చేసరికి పటం అచ్చుకెళ్లిపోయింది.”

“ఇన్నేళ్లూ నోట్లో బెల్లం పెట్టుకున్నారా?”

“ఉద్యోగం పోతుందని భయపడ్డానండి.”

“ఇప్పుడు చెప్పినా పోతుంది.”

“పోనీండి.”

ఆఫీసరు ధడేలున తలుపు వేసి వెళ్లాడు. అతను ఆ నాలుగో పటాన్ని దగ్గరికి లాక్కున్నాడు. ఎడమచేత్తో పటం అదిమిపట్టి, నీళ్ల వంపు వెంటే ఒక్కో అక్షరం దించాడు. అంచున రాశాడు: 'ఈ పేరు నా పొరపాటున జారిపోయింది. మొదటి మూడు పటాలు చూడండి.' సంతకం పెట్టాడు. రొమ్ము పట్టేసింది. కునుకు తీసేవాడిలా తల బల్లకు ఆనించాడు, తడి అక్షరాలకు తగలకుండా కాస్త పక్కకు.

మధ్యాహ్నం టీ తెచ్చిన ఆవిడ భుజం తట్టింది. “లేవండి బాబాయ్, చల్లారిపోతోంది.” చల్లారిపోయింది అతని ఒళ్లు.

సాయంత్రానికల్లా ఆఫీసరు ఆ పటాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. లారీలు రేపొస్తాయి. తాళం తీయండి. ఆ పటాన్ని ఇవాళే అచ్చు వేయండి. బల్ల మీద అతని కలం ఇంకా మూత లేకుండానే ఉంది. పాళీ మీద నీలి సిరా గడ్డకట్టింది.