ఎర్రబడిన పసుపుగుడ్డ

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో, రాజమండ్రి జాలరిపేటలో పల్లంరాజు అనే పడవవాడు తెరచాప కొయ్య మీదనుంచి పడ్డాడు. నడుము దెబ్బతిని కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. గిల్లినా, నిప్పు తగిలినా వాటికి తెలిసేది కాదు. భార్య మరిడమ్మ వీధివీధినా చేపలమ్మి అతన్ని పోషించుకొస్తోంది.

ఆ ఏడు అప్పాజీ అనే మనిషి మెరుపువైద్యం చేస్తానంటూ పేటలో దిగాడు. అతని దగ్గర విద్యుత్తు పుట్టించే పెట్టె, దాని తీగలకు రెండు రేకులు ఉన్నాయి. పసుపుగుడ్డలను ఉప్పునీటిలో తడిపి పల్లంరాజు పిక్కకొకటి, అరికాలికొకటి చుట్టి, వాటిమీద రేకులు కట్టి పూటంతా ఉంచేవాడు. విప్పేసరికి పిక్కమీది గుడ్డ ఎర్రగా ఉండేది.

"చూశావా, చచ్చిన కాలికి నెత్తురు తిరిగొస్తోంది," అనేవాడు.

మరిడమ్మ ఆ గుడ్డను కళ్లకద్దుకునేది. పిక్కమీద పుండు పడితే, లోపలి చెడు బయటికి పోతోందన్నాడు అప్పాజీ. ఆమె నమ్మింది. చదువరులారా, నమ్మక ఏం చేస్తుంది? కాదని చెప్పే మనిషి ఆ పేటకు ఏనాడూ రాలేదు.

కళాశాలలో ప్రకృతిశాస్త్రం బోధించే జగన్నాథరావుగారి ఇల్లాలికి ఒక ఉదయం చేపలిస్తూ మరిడమ్మ పెట్టె, ఉప్పునీటి గుడ్డల సంగతులతో సహా ఈ శుభవార్త చెప్పింది. లోపలినుంచి విన్న జగన్నాథరావుగారు గాభరాగా బయటికొచ్చారు.

"అది నెత్తురు కాదమ్మా. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుంది?"

"ఎర్రబడతాదండి."

"ఇదీ అంతే. నీళ్లలో కరిగిన ఉప్పు కంటికి కనబడని కణాలుగా విడిపోతుంది. కొన్నిటికి ధనవిద్యుత్తు, కొన్నిటికి ఋణవిద్యుత్తు ఉంటుంది. ధనమున్నవి ఋణపు రేకు వైపు లాగబడతాయి. గుడ్డ ఎర్రబడిందంటే పిక్కమీద ఉన్నది ఆ రేకే. దాని దగ్గర సున్నం కన్నా ఘాటైన క్షారం పుట్టి ఒంటిని తినేస్తుంది. తక్షణం విప్పించాలి, పద."

మరిడమ్మ గంప అరుగుమీదే వదిలేసి పరుగెత్తింది. ఆయన వెనకే వెళ్లారు.

విప్పి చూస్తే పుండు ఎముక దాకా దిగింది. కాలంతా నల్లబడింది. జనం మూగడం చూసి అప్పాజీ పెట్టె సర్దుకుని రేవు దాటిపోయాడు. ఆసుపత్రిలో వైద్యుడు, విషం ఒంట్లోకి ఎక్కిందనీ, తన చేతిలో లేదనీ చెప్పాడు.

"నాకేం నొప్పి లేదు కదే. ఎందుకేడుస్తావు?" అన్నాడు పల్లంరాజు.

ఆ వారమే అతను పోయాడు.

పరామర్శకు వచ్చిన జగన్నాథరావుగారిని మరిడమ్మ తలెత్తకుండానే అడిగింది.

"ఆ రేకు సంగతి తమరికి ఎప్పుడు తెలిసిందండి?"

"చదువుకునే రోజుల్లోనే తెలుసమ్మా. ఏటేటా పిల్లలకు చెబుతూనే ఉన్నాను, ఇంగ్లీషులో."

"మా పేట ఇక్కడే ఉందండి. ఒక్కసారైనా మాకు చెప్పలేకపోయారా?"

అప్పాజీ కొవ్వూరు వైపు మళ్లీ పెట్టె తెరిచాడని, జనం బారులు తీరుతున్నారని అప్పటికే కబురొచ్చింది. మర్నాడు తరగతిలో ఆయన మొట్టమొదటిసారిగా తెలుగులో మాట్లాడారు.

"ఈ గదిలో మనం నేర్చుకున్న నిజం మన జనం మాటల్లో వాళ్ల గుమ్మం దాకా వెళ్లకపోతే, అది ఎంత గొప్ప నిజమైనా ఒక్క ప్రాణాన్నీ కాపాడలేదు."