మా చిన్నదాని చెవి

క్రికెట్ నాది. ఈ ముక్క ముందే చెప్పేస్తే నా మనసు కాస్త నిమ్మళిస్తుంది. బ్యాటు నాకు కొన్నారు, బంతి నాకు కొన్నారు, ప్యాడ్లు నాన్న నా కాళ్ళ కొలతకే కుట్టించి తెచ్చాడు. మా చిన్నదాన్ని, అదే మా చెల్లెల్ని, సందులోకి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది నేను. నాకు బంతులు వెయ్యడానికి ఒక మనిషి కావాలి, ఇంట్లో పనీపాటా లేకుండా ఉన్నది అదొక్కతే.

తీరా చూస్తే ఆ బొటనవేలంత పిల్ల వేసిన బంతి నా బ్యాటుకు తగిలేది కాదు. నేలను తాకగానే పక్కకు తిరిగి పోయి వెనకున్న మురిక్కాలవలో పడేది. నాలుగు రోజులు కాలవలో చెయ్యి పెట్టి తీశాను. అయిదో రోజు ఒళ్ళు మండి బ్యాటు గోడకు ఆనించి, బంతి పట్టుకోవడానికి నేనే వెనక నిలబడ్డాను. నేను వికెట్ కీపర్ని ఎలా అయ్యానని విలేకరులు అడిగితే ఏవేవో గొప్పలు చెబుతాను గానీ, అసలు సంగతి మురిక్కాలవ.

ఇప్పుడు మా చిన్నది దేశం జట్టుకు కెప్టెన్. దాని మొహం బస్సుల మీద ఉంటుంది, సబ్బు పెట్టె మీద ఉంటుంది, మా సందు మొదట్లో మందుల షాపు అద్దం మీద ఉంటుంది. నేనూ అదే జట్టులో ఉన్నాను. అది వేసే ప్రతి బంతినీ స్టంపుల వెనక గొంతుక్కూర్చుని పట్టేది నేను. మోకాళ్ళు అరిగిపోయింది నాకు. ఫొటోలో మాత్రం దాని మొహం, నా వీపు.

ఇంట్లోనూ అదే వరస. ముందు గదిలో అద్దాల బీరువా ఉంది. పై అరలన్నీ దాని కప్పులు. నావి కింది అరలో, పాత బల్బులూ కుట్టుమిషన్ నూనె డబ్బా పక్కన ఉంటాయి. "పైన చోటు లేదే, ఏం చెయ్యమంటావ్?" అంటుంది అమ్మ. ఇంటికొచ్చిన చుట్టాలు నన్ను చూసి, "నువ్వు కెప్టెన్ వాళ్ళ అక్కవి కదూ?" అంటారు. పెళ్ళిచూపులకు వచ్చిన మహానుభావుడు కూడా వెళ్ళేటప్పుడు చెల్లెలి సంతకం అడిగి పుచ్చుకున్నాడు. ఇంకెక్కడి సంబంధం? చెప్పులు ఎటు విప్పావో అటే పొమ్మన్నాను.

కుళ్ళు అంటారా? కుళ్ళే. దాచుకోవడానికి అదేమన్నా నగా? రెండేళ్ళుగా దాని దొంగ బంతిని బ్యాటర్లు ఉతికి ఆరేస్తుంటే, "పస తగ్గింది, కెప్టెన్‌ని మార్చాలి" అని పేపర్లు రాస్తుంటే, ఒక్కో సిక్సరుకూ నా కడుపులో చల్లగా ఉండేది. పైకి మాత్రం చప్పట్లు కొట్టి, "ఫర్వాలేదే చిన్నదానా, వెయ్యి వెయ్యి" అనేదాన్ని.

దొంగ బంతి అంటే గూగ్లీ. మా ఇంట్లో అలా అంటాం. అదే చెయ్యి, అదే ఊపు. మామూలుగా అయితే బంతి నా కుడిచేతి వైపు తిరుగుతుంది. దొంగ బంతి ఎడమకు తిరుగుతుంది. బ్యాటర్ ఎంత మోసపోతుందో వెనకున్న కీపరూ అంతే మోసపోతుంది. అది మొదటిసారి పడిన రోజు నేను కుడికి పోయాను, బంతి ఎడమ నుంచి లేచి నా ముందు పన్ను సగం విరగ్గొట్టింది. అమ్మ పరిగెత్తుకొచ్చి చిన్నదాని ఎడమ చెవి పట్టుకుని మెలేసింది. "ఈ దొంగ బంతి వేసేముందు అక్కకు చెప్పి చావు!" అంది.

మర్నాడు దొంగ బంతి వెయ్యబోతూ చిన్నది చెవి రుద్దుకుంది. నొప్పి ఇంకా తగ్గలేదు పాపం, గుర్తొచ్చి చెయ్యి దానంతటదే పోయింది. నాకు అర్థమైపోయింది, ఎడమకు కదిలాను, బంతి వచ్చి చేతుల్లో పడింది. ఆ రోజు నుంచీ అదే మా సైగ. మూడో మనిషికి చెప్పలేదు, కోచ్‌కీ చెప్పలేదు. నా అంత చక్కగా గూగ్లీ పట్టే కీపర్ లేదని అందరూ అంటారు. చెవి చూసి పడతానని ఎవరికి తెలుసు?

ఇక పిచ్చుక సంగతి. పందొమ్మిదేళ్ళ పిల్ల, అరచేతిలో పట్టేంత ఉంటుంది, ఎప్పుడూ కిచకిచలాడుతుంది. అదీ కీపరే. పెద్ద టోర్నమెంటు ముందు సెలక్టర్లు పరీక్ష మ్యాచ్ పెట్టారు. కీపరుకు ఒక్కటే చోటు. పిచ్చుకా నేనూ మా చిన్నది నడిపే జట్టులోనే ఆడాలి. మొదటి సగం కీపింగ్ అది, రెండో సగం నేను. చిన్నదానికీ అది పరీక్షే. ఆ రోజు మళ్ళీ చితక్కొట్టించుకుంటే కెప్టెన్సీ పోతుందని మా కోచమ్మ మొహం మీదే చెప్పేసింది. మా ఇద్దరికీ ఒకే రోజు గండం.

పొద్దున బయలుదేరేటప్పుడు అమ్మ నా చెవిలో, "చెల్లెల్ని ఒక మాట వెయ్యమనవే నీ గురించి" అంది.

"నాకెవరి సిఫార్సూ అక్కర్లేదు. కావాలంటే దాని గురించి నేనే ఒక మాట వేస్తా" అన్నాను. అప్పటికే దానికి టిఫిన్ డబ్బాలో రెండు ఉడికించిన గుడ్లు పెట్టి, నాకు ఒకటి పెట్టింది అమ్మ. లెక్క నేను చూడకపోలేదు.

మొదటి సగంలో నన్ను బౌండరీ దగ్గర నిలబెట్టారు. అక్కణ్ణుంచి పిచ్చుకను చూస్తూ నిలబడ్డాను. చిన్నది దొంగ బంతి వేసింది. చెవి ముట్టుకోలేదు. నా మనసు ఎంత ఎగిరిందో! దానికి చెప్పలేదన్నమాట, ఎంతైనా రక్తం రక్తమే అనుకున్నాను. తీరా పిచ్చుక టక్కున ఎడమకు జరిగి బంతిని పట్టేసింది. గాలివాటం అనుకున్నాను. మళ్ళీ పట్టింది. మళ్ళీ పట్టింది. బ్యాటర్లు కళ్ళు తేలేస్తున్నారు, రెండు వికెట్లు పడ్డాయి, సెలక్టర్ల బల్ల దగ్గర తలలు ఊగుతున్నాయి. చిన్నది పరిగెత్తుకెళ్ళి పిచ్చుక తల నిమిరింది. నా తల ఏనాడన్నా నిమిరిందా?

మంచినీళ్ళ విరామంలో పిచ్చుకను అడిగాను. "ఎలా కనిపెడుతున్నావే?"

"చేతిని చూస్తానక్కా. మణికట్టు వెనక్కి తిరుగుతుంది కదా, అది చూస్తే తెలిసిపోతుంది. మీరూ అంతే కదా?"

"అంతే, అంతే" అన్నాను. చిన్నదాని మణికట్టు ఎలా ఉంటుందో నేను ఏనాడూ చూసిన పాపాన పోలేదు. నేను చూసేది చెవి.

నా వంతు వచ్చింది. గ్లోవ్స్ తొడుక్కుని స్టంపుల వెనక కూర్చున్నాను. క్రీజులో రోడ్డు రోలరు ఉంది. ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. అవతలి జట్టులో పాత కాపు. బంతిని కొడుతుందనడం కన్నా చదును చేస్తుందనాలి. చిన్నది చెవి రుద్దుకుంది, నేను ఎడమకు సిద్ధమయ్యాను, రోలరు కూడా సిద్ధమైంది. బంతి నా దాకా వస్తేగా! స్టాండు మీద పడింది. మరో ఓవర్లో మళ్ళీ చెవి, మళ్ళీ సిక్సరు. నా దాకా వచ్చిన బంతులన్నీ శుభ్రంగా పట్టాను. బాగా ఆడుతున్నానని నాలో నేనే మురిసిపోతున్నాను. చిన్నది బావురుమనేలా ఉంది. చల్లగా ఉందా అంటే, అబద్ధమెందుకు, ఉంది.

అప్పుడు రోలరు బ్యాటుతో పిచ్ తడుతూ, నా వైపు తిరక్కుండానే నవ్వింది. "మీ చెల్లెలు ఇంకా ఆ చెవి గోల మానలేదా?"

ఏ చెవి అన్నట్టు గ్లోవ్స్ సర్దుకున్నాను.

"రెండేళ్ళ కిందటే వీడియోలు చూసి అందరం పట్టేశాం కదమ్మా. నాకు తెలియనిది ఒక్కటే. పొద్దున ఆ చిన్న పిల్ల కీపింగ్ చేస్తున్నంతసేపూ మీ చెల్లెలు చెవి జోలికే పోలేదు. నువ్వొచ్చి కూర్చోగానే మొదలెట్టింది. అదేంటి, నువ్వంటే అంత భయమా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఓవర్ అయ్యీ అవగానే చిన్నదాన్ని పక్కకు లాగాను. "వాళ్ళకు తెలుసట కదే!"

చిన్నది తల వంచుకుని బంతిని ప్యాంటుకు రుద్దుతోంది. "తెలుసు."

"నీకు తెలుసా వాళ్ళకు తెలుసని?"

"తెలుసక్కా."

"మరి ఎందుకు చేస్తున్నావే, బుద్ధి గడ్డి తిందా?"

"చెయ్యకపోతే నువ్వు పట్టలేవు కదా." అంత మెల్లగా అంది, తిట్టినా బావుండేది. "నెట్స్ ప్రాక్టీసులో రెండుసార్లు చెయ్యకుండా వేసి చూశా. రెండూ వదిలేశావు. మ్యాచ్‌లో వదిలేస్తే నిన్ను తీసేస్తారు. నన్ను కొడితే కొట్టనీలే అనుకున్నా."

రెండేళ్ళు. ఒక్కో సిక్సరూ నాకోసం కొట్టించుకుంది. ఒక్కోదానికీ నేను లోపల్లోపల పండగ చేసుకున్నాను. దాని చెంప పగలగొట్టాలనిపించింది. ఎవరడిగారు దీన్ని? నా మీద జాలిపడడానికి ఇదెవరు? నా వెనకాల ముక్కు చీదుకుంటూ తిరిగిన పిల్ల!

"ఇప్పుడు మానెయ్. చెవి ముట్టుకున్నావో, చెయ్యి విరగ్గొడతా" అన్నాను.

"అక్కా, ఆ బల్ల దగ్గర..."

"పో, వెళ్ళి వెయ్యి!"

దాని తర్వాతి ఓవర్లో మొదటి బంతి. చెవి ముట్టుకోలేదు. రోలరు ముందుకు దూకింది, బ్యాటు గాలిలో ఊగింది, మోసపోయింది. నేనూ మోసపోయాను. మణికట్టు చూద్దామని కళ్ళు చించుకున్నాను గానీ, ఇన్నేళ్ళు చెవి చూసిన కళ్ళు చెవినే వెతికాయి. నేను కుడికి పోయాను, బంతి ఎడమ పక్క నుంచి జారి బౌండరీకి పోయింది. రోలరు తాపీగా నడుచుకుంటూ క్రీజులోకి వెనక్కి వచ్చింది. బల్ల దగ్గర ఒకాయన పక్కాయన చెవిలో ఏదో ఊదాడు.

చిన్నది నా వైపు చూసింది. చూసి, వెనక్కి నడిచి, తిరిగి నిలబడి, చెవి రుద్దుకుంది.

దొంగ ముండ. నా మాట ఏనాడు విన్నది గనక! బంతి స్టాండు మీదకు పోయింది. కోచమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుంది. చిన్నది మళ్ళీ బంతి అందుకుంది, మళ్ళీ దాని ఎడమ చెయ్యి పైకి లేవబోయింది. ఆ ఓవర్ అంతా అలాగే వేస్తుంది, నాకు తెలుసు. నాకు ఉన్నంత మొండితనం దానికీ ఉంది. కెప్టెన్సీ ఊడి బస్సుల మీద బొమ్మలు చినిగిపోయేదాకా వేస్తుంది. నేను ఇన్నేళ్ళు కోరుకున్నది అదే కదా? రెండు నిమిషాలు నోరు మూసుకుని కూర్చుంటే చాలు, చోటు నాదే.

"ఆగు!" అని అరిచాను. అంపైర్ దగ్గరికి నడిచి, వేలు నొప్పిగా ఉందని చెప్పాను. ఏ వేలని అడిగితే ఏదో ఒకటి చూపించాను. గ్లోవ్స్ ఊడబీకి, బౌండరీ దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చిన పిచ్చుక చేతుల్లో కుక్కాను.

"పెద్దవక్కా నాకు."

"నోర్మూసుకుని తొడుక్కో."

ప్యాడ్లు కూడా విప్పి దాని కాళ్ళకు నేనే కట్టాను, కాస్త గట్టిగానే కట్టాను. వెళ్ళి అది నిలబడిన చోట నిలబడ్డాను. చిన్నది అక్కణ్ణుంచి నన్నే చూస్తోంది. చెయ్యి విసిరి, వెయ్యమన్నాను.

వేసింది. చెవి ముట్టుకోలేదు. రోలరు మళ్ళీ దూకింది, బంతి ఎడమకు తిరిగింది, పిచ్చుక నా గ్లోవ్స్‌తో లటుక్కున పట్టి బెయిల్స్ ఎగరగొట్టింది. రోలరు వెనక్కి తిరిగి చూసేసరికే అంతా అయిపోయింది. చిన్నది పరిగెత్తుకెళ్ళి పిచ్చుకను ఎత్తి గిరగిర తిప్పింది, జట్టంతా వాళ్ళ మీద పడ్డారు. నేను బౌండరీ దగ్గర ఒంటరిగా నిలబడి గడ్డి పీకాను. ఆ పిచ్చుక ఊగుతున్న చోటు నాది. కడుపు మండిపోయింది. ఆ మంటలో, చిన్నదాని కెప్టెన్సీ ఇక ఎక్కడికీ పోదన్న సంగతి కూడా తెలుస్తూనే ఉంది. అయినా మండింది.

కొత్త బ్యాటర్ వచ్చింది. చిన్నది బంతి పట్టుకుని వెనక్కి నడిచింది. అప్పుడు స్టంపుల వైపు కాకుండా నా వైపు తిరిగి నిలబడింది. ఎడమ చెవి రుద్దుకుంది, గట్టిగా, ఎర్రబడేదాకా. ఆ తర్వాత తిరిగి వెళ్ళి మామూలు బంతి వేసింది.

సాయంత్రం పేర్లు చదివారు. కెప్టెన్, మా చిన్నది. కీపర్, పిచ్చుక. నేను బూట్ల తాళ్ళు విప్పుకుంటుంటే పిచ్చుక వచ్చి గ్లోవ్స్ పక్కన పెట్టి, పోకుండా అక్కడే తచ్చాడింది.

"అక్కా, ఒకటి అడగనా? కెప్టెనక్క బంతి వేసేముందు మీ వైపు తిరిగి చెవి రుద్దుకుంది కదా, అదేం సైగ? నాకూ నేర్పించరా, రేపట్నుంచి నేనే కదా పట్టాల్సింది?"

బూటు పక్కన పెట్టి దాని మొహం వంక చూశాను. నా చోటు తీసుకుంది, నా గ్లోవ్స్ తొడుక్కుంది, నా చెల్లెలి చేత గిరగిర తిప్పించుకుంది.

"మణికట్టు చూసుకో. చెవి జోలికి రాకు" అన్నాను. "అది నాది."