దర్జీ కత్తిరించిన పూలు

దర్జీ పెరట్లో కాసిన గుమ్మడికాయను ఇంట్లోకి తేవడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చింది. గుమ్మంలో పట్టకపోతే ద్వారబంధం ఊడబీకారు.

అంతకుముందు ఆ పాదు దర్జీ భార్యను బాగా ఏడిపించింది. కన్నుమూసిన వాళ్లమ్మ దాచిన ఆఖరి గింజల్లో మొలిచింది అదొక్కటే. పిందెలేమో పుట్టినవి పుట్టినట్టే పసుపెక్కి రాలిపోతున్నాయి. బూడిద చల్లింది, నీళ్లు తగ్గించింది, ఫలితం లేదు. ఇదీ కాయకపోతే అమ్మ గుమ్మడి ఇక లేనట్టే.

ఒక పొద్దున దర్జీ కత్తెరతో పాదు దగ్గర కూర్చుని కనబడ్డాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"పిందె లేని పూలు కత్తిరిస్తున్నానే. ఊరికే బలం లాగేస్తాయి. బట్టకి వేలాడే దారాలు ఉంచుతామా?"

"అయ్యో నా రాత! అవి మగపూలు! అందుకా ఒక్కటీ కనబడట్లేదు! మగాళ్లందర్నీ చంపేస్తే పిల్లలెలా పుడతారండీ?"

"అయితే మగాళ్లకీ పనుందన్నమాట," అని గొణిగి దర్జీ కత్తెర దాచేశాడు.

మర్నాడు తెల్లారగానే ఆవిడ, కత్తెరకి చిక్కకుండా మొగ్గగా మిగిలి అప్పుడే విచ్చిన ఒక్క మగపువ్వు తుంచి, రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో అద్దింది. చిన్నప్పుడు అమ్మ తన చెయ్యి పట్టుకుని అద్దించినట్టే. ఆ పిందె నిలిచింది.

నలుగురు మోశారన్నానా? అబ్బే, ఆవిడే చంకనెత్తుకుని తెచ్చుకుంది. ద్వారబంధం చెక్కుచెదరలేదు. కాయ కోస్తే లోపల నిండుగా గింజలు. గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసి, "అమ్మ చేతి వాసనండీ," అంది. దర్జీ కళ్లు తుడుచుకున్నాడు.

ఆ కళ్లు తుడుచుకోవడం మాత్రం నా కల్పన. నిజానికి ఆయన, "కూర ఎప్పుడు వండుతావే?" అన్నాడు.